విందుబల్లల ప్రక్కన ఒక చక్రాల కుర్చీ

(ప్లాటినం జూబిలీ సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల, తల్లిదండ్రుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



పేరు పొందిన క్రీడాకారులను అతిథులుగా ఆహ్వానించి, ఏటేటా ఒక విందు జరిపి, ఆ వచ్చిన ధనంతో పాఠశాలకు ఒక నిధి ఏర్పరచాలని జూబిలీ సంఘంవారు ప్రతిపాదించారు. అన్నం పెట్టి డబ్బు పుచ్చుకోవడం మన ఇంటా వంటా లేదని పెద్దలు కొందరు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణను నేను తేలికగా కొట్టివేయలేను. ఈ బరంపురంలో మన తెలుగువారు పెళ్ళికి పిలిచినా, సంతర్పణకు పిలిచినా విస్తరి వెల అడిగిన వారు కారు. అందువల్ల ఇటువంటి విందు ఎక్కడ పుట్టింది, దేనికోసం పుట్టింది, ఎందుకు నిలిచింది అన్నది ఒక ఉదాహరణతో మీ ముందుంచడం మేలనుకున్నాను.

అమెరికాలో ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మన పిల్లలు ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతిని చేతబట్టి పరుగెత్తేవాణ్ణి ఎదుటివారు మీదపడి నేలకూల్చే ఆట అది. ఆ ఆటలో నిక్ బోనికాంటి అనే ఆయన గొప్ప పేరు గడించారు. రొట్టెల దుకాణం నడుపుకొనే ఇటాలియన్ సంతతి కుటుంబంలో పుట్టినవారు. ఆయన ఆడిన మయామీ డాల్ఫిన్స్ జట్టు 1972లో ఆడిన 17 పందెములలోనూ గెలిచింది. ఆ ఘనతను ఆ దేశంలో నేటికీ చెప్పుకుంటారు. ఆయన కుమారుడు మార్క్ కూడా తండ్రి ఆడిన స్థానంలోనే కళాశాల జట్టుకు ఆడేవాడు. 1985 అక్టోబరు 26న, పందొమ్మిదేళ్ళ వయస్సులో, ఒక పందెంలో ప్రత్యర్థిని పడగొట్టబోయి మెడ ఎముకలు తప్పి, వెన్నుపాము దెబ్బతిని, భుజముల నుండి క్రిందికి శరీరమంతా చచ్చుబడిపోయింది. ఊపిరి సైతం యంత్రమే పీల్చవలసి వచ్చింది.

ఆ రోజులలో వెన్నుపాము తెగినవారికి వైద్యులు చెప్పగలిగినది చాలా తక్కువ. తండ్రి, డాక్టర్ బార్త్ గ్రీన్ అనే శస్త్రవైద్యునితో కలిసి ఆ 1985లోనే మయామీ విశ్వవిద్యాలయంలో పక్షవాత నివారణ పరిశోధన సంస్థను నెలకొల్పారు. పరిశోధనకు ధనం కావాలి. ఆయన వద్ద ఉన్నదల్లా క్రీడాలోకంలో స్నేహం. ఆ స్నేహితులను పిలిచి 1986లో న్యూయార్క్‌లో విందు జరిపారు. ‘గ్రేట్ స్పోర్ట్స్ లెజెండ్స్ డిన్నర్’ అని దానికి పేరు. నాటి నుండి అది ఏటేటి విందు అయింది. వేర్వేరు ఆటలకు చెందిన మేటి క్రీడాకారులను సత్కరిస్తారు. వారితో కూర్చొని భోజనం చేసేందుకు సంపన్నులు, వ్యాపార సంస్థలు బల్లకు ఇంత అని చెల్లిస్తారు. ఇంతకాలంలో ఈ విందుల వలన సమకూరినది పది కోట్ల డాలర్లకు పైమాటే.

అంకె పెద్దది. మనకు ఆ అంకెతో పని లేదు. ఆ విందులో అతిథులెవరు అన్న ప్రశ్నకు పత్రికలు క్రీడాకారుల పేర్లు వ్రాస్తాయి. నా దృష్టిలో ముఖ్య అతిథి మార్క్. చక్రాల కుర్చీలో ఉండి, ఆ సంస్థకు తానే నాయకుడై, తన వంటివారి పక్షాన మాట్లాడే మనిషి. ధనమిచ్చినవాడు తన ధనం ఎవరి కోసమో ఆ సభలో కళ్ళారా చూస్తాడు. ఆ మనిషి జాలి కోసం అక్కడ లేడు, లెక్క అడిగే అధికారంతో ఉన్నాడు. ఆ ఒక్క కుర్చీ లేకపోతే మిగిలేది హోటలు భోజనం, ఛాయాచిత్రాలు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. నలభై ఏళ్ళ విందుల తరువాత కూడా మార్క్ నడవలేదు. వైద్యశాస్త్రం వంట వంటిది కాదు, సరుకులు పోసినంత మాత్రాన సిద్ధం కాదు. 2012లో ఆ సంస్థకు ఒక ప్రయోగానికి ప్రభుత్వ అనుమతి లభించింది. రోగి కాలి నరంలోని ష్వాన్ కణములను తీసి, ప్రయోగశాలలో పెంచి, అదే రోగి వెన్నుపాములో గాయమైన చోట తిరిగి ప్రవేశపెట్టే ప్రయోగం అది. ఆరుగురికి చేశారు. 2017లో ఫలితాలు ప్రకటించారు. అది ప్రమాదకరం కాదని తేలింది. రోగులు లేచి నడిచారని మాత్రం కాదు. ఇంత నెమ్మదిగా కదిలే పనికి ఒక రాత్రి ఉత్సాహం చాలదు. ఏటేటా అదే పిలుపు, అదే ప్రయోజనం ఉండాలి. తండ్రి 2019లో మరణించే వరకు ఆ పిలుపు మానలేదు. ఆయన జ్ఞాపకశక్తి సైతం చివరి ఏళ్ళలో క్షీణించింది. ఆటలో తలకు తగిలిన దెబ్బల ప్రభావాన్ని శాస్త్రవేత్తలు పరిశీలించేందుకు తన మెదడును దానం చేస్తున్నట్లు 2017లో ప్రకటించారు. ఆ విందుబల్లలను నింపిన కీర్తి ఏ ఆట ఇచ్చిందో, కొడుకు కదలికను తీసుకున్నదీ ఆ ఆటే. అందుచేత ఆ విందును దానమనే కంటే క్రీడాలోకం తీర్చుకుంటున్న ఋణమనడం సబబు.

మన దేశంలోనూ ఇటువంటి మనిషి ఉండేవారు. మేజర్ హరిపాల్ సింగ్ అహ్లూవాలియా 1965 మే 29న ఎవరెస్టు ఎక్కారు. ఆ ఏడే యుద్ధంలో వెన్నులో తూటా దిగి చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. తరువాత ఢిల్లీలో వెన్నెముక గాయాలకు ప్రత్యేక ఆస్పత్రి నెలకొల్పారు. 2022లో కాలం చేశారు. అదే యుద్ధంలో గాయపడిన మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో ఈతలో స్వర్ణపతకం గెలిచారు. పారాలింపిక్స్‌లో మన దేశానికి అదే మొదటి స్వర్ణం. అతిథులను వెతికే సంఘంవారు క్రికెట్ వైపే చూడకుండా ఇటువంటి క్రీడాకారుల వైపు కూడా చూడవలసిందిగా నా మనవి.

ఇక మన సంగతి. మన పాఠశాల విద్యార్థి ఒకడు రెండేళ్ళ క్రిందట మామిడి చెట్టు మీద నుండి పడి నడుము క్రింద స్పర్శ కోల్పోయాడు. మన దేశంలో వెన్నుపాము గాయాలకు పెద్ద కారణం ఇటువంటి పడిపోవడాలే. చెట్లు, డాబాలు, మెట్లు. తెలివైన పిల్లవాడు, పద్యం ధారణలో అందరికంటె ముందుండేవాడు. వాడి తల్లి వాణ్ణి గేటు వరకు తెస్తుంది. వరండాకు అయిదు మెట్లు. మేడమీది తరగతిని జూన్‌లో క్రిందికి మార్చాము. దానికి విందు అక్కరలేదు, బెంచీలు మోయడానికి నలుగురు పెద్ద పిల్లలు చాలు. కాని వాలుబాట కావాలి, కుర్చీ పట్టేంత వెడల్పు తలుపుతో మరుగుదొడ్డి కావాలి. అయిదు మెట్లను ఎత్తి దాటించే స్నేహితులు వాడికి ఉన్నారు. మరుగుదొడ్డికి ఎత్తుకుపోవలసి వస్తుందని వాడు మధ్యాహ్నం వరకు మంచినీళ్ళు తాగడం మానుకున్నాడు. ఈ సంగతి తెలిసిన నాటి నుండి నాకు ముద్ద దిగడం లేదంటే అతిశయోక్తి కాదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. విందు జరపండి. మొదటి ఏడు వచ్చిన ధనమంతా ఈ రెండు పనులకే చెందాలి. పేరుమోసిన అతిథి ప్రక్కన వాడు, వాడి తల్లి కూర్చోవాలి. వారిద్దరూ సమ్మతిస్తేనే సుమా! వారిని అడిగాను. తల్లి ఆలోచించుకుంటానన్నది. వాడు మాత్రం వచ్చే అతిథి ఎవరో ముందు చెప్పమన్నాడు. వంట మన ఊరి వంటవారే చేయాలి, విస్తరాకులలోనే వడ్డించాలి. విందుకు వందలో ముప్ఫై ఖర్చయితే ఆ విందు మానుకొని రశీదు పుస్తకాలు పట్టుకొని వీధి వీధి తిరగడం మేలు. పది రూపాయలిచ్చే నేతపనివానికీ, లక్ష ఇచ్చే పూర్వ విద్యార్థికీ ఒకే పంక్తి. దానిపై మాత్రం నేను రాజీ పడను. పెద్దల ఆక్షేపణకు నా సమాధానం కూడా ఆ పంక్తే. విస్తరికి వెల కట్టడం లేదు, ఇచ్చిన వారందరినీ కూర్చోబెట్టి భోజనం పెడుతున్నాము.

వ్యాయామోపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక మాట. ఆటలోగాని, చెట్టు మీద నుండిగాని పిల్లలు పడి మెడ నొప్పి అన్నా, కాళ్ళు చేతులు మొద్దుబారాయన్నా, చంకల క్రింద చేతులు వేసి లేవనెత్తరాదు, నీళ్ళు త్రాగించడానికి తల ఎత్తరాదు. తలా మెడా కదలకుండా రెండు ప్రక్కలా పట్టుకొని ఉండాలి, 108కి ఫోను చేయాలి. ఆంబులెన్సు రాక తప్పనిసరిగా తరలించవలసి వస్తే గట్టి పలక మీద నలుగురు ఒక్కసారిగా, మెడ మెలిక పడకుండా మార్చాలి. ఈ నెలలో ప్రతి తరగతికీ దీనిని చేసి చూపిస్తాము.

వాలుబాట పటము, అంచనా వ్యయము కార్యాలయం గోడకు అంటించాము. విందు జమాఖర్చులు కూడా అక్కడే అంటిస్తాము. పేర్లు వ్రాసుకొనే పుస్తకం గుమాస్తాగారి బల్లపై ఉన్నది. సాయంత్రం ఆరు వరకు ఆయన ఉంటారు.