పదిహేను దగ్గర ఆగిన లెక్క

(ఖాజాగూడలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఖాజాగూడకు దగ్గరలోనే, హైటెక్ సిటీ వద్దనున్న హెచ్.ఐ.సి.సి. భవనంలో 2010 ఆగస్టు 19 నుండి 27 వరకు అంతర్జాతీయ గణిత మహాసభలు జరిగాయి. మన దేశంలో అవి జరగటం అదే మొదటిసారి. ఆ 2010 తోనే మొదలుపెడతాను. ఒక సంఖ్యను అదే సంఖ్యతో హెచ్చిస్తే వర్గం వస్తుందని మనమంతా బడిలో చదువుకున్నాం. 44, 7, 5 ల వర్గాలు 1936, 49, 25. కూడండి, సరిగ్గా 2010.

కొన్ని సంఖ్యలకు మూడు వర్గాలు చాలవు. 7, 15, 23, 28, 31... ఈ వరుసకు అంతు లేదు. 7 రావాలంటే 4, 1, 1, 1 నాలుగూ కలవాలి. కాని నాలుగు వర్గాలకు మించి ఏ సంఖ్యకూ అవసరం లేదని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు.

శ్రీనివాస రామానుజన్ మరో ప్రశ్న వేసుకున్నారు. ఆ నాలుగు వర్గాలను ఒక్కొక్కదాన్ని కొన్ని రెట్లు చేసి కూడితే అన్ని సంఖ్యలూ వస్తాయా? సున్నాను కూడా వర్గంగా వాడుకోవచ్చు. అలాంటి కూర్పులు 55 ఉన్నాయని 1917లో ప్రకటించారు. వాటిలో ఒకటి 1, 2, 5, 5 రెట్ల కూర్పు. అది అన్ని సంఖ్యలనూ ఇస్తుంది, ఒక్క 15ను తప్ప! అమెరికా గణితవేత్త డిక్సన్ 1927లో ఈ సంగతి చూపించారు. మిగిలిన 54 కూర్పులూ నిలిచాయి.

ఆడిట్ చేసిన మిత్రులకు ఈ బాధ తెలుసు. వోచర్లన్నీ చూడలేం, చూడని దానిలో ఏముందో చెప్పలేం. ఇక్కడ సంఖ్యలకు అంతే లేదు కదా, ఎన్నని చూస్తాం? 1993లో కాన్వే, ష్నీబెర్గర్ దారి కనుగొన్నారు. 1, 2, 3, 5, 6, 7, 10, 14, 15 - ఈ తొమ్మిదీ వస్తే ఇలాంటి కూర్పులో ఇక అన్నీ వచ్చినట్లే. తరువాత మంజుల్ భార్గవ దీనికి సులభమైన నిరూపణ ఇచ్చారు. తొమ్మిదిలో ఏ ఒక్కటీ వదలటానికి వీల్లేదు. రామానుజన్ జాబితాలో జారిపోయింది చివరిదైన పదిహేనే.

దీనివల్ల ఆయన పేరు తరగలేదు. మహానుభావుల లెక్కనైనా గౌరవంతోనే సరిచూడవచ్చునని మాత్రం తెలుస్తోంది. ఇంటికి వెళ్ళాక మనవలను కూర్చోబెట్టుకుని 15ను ఆ కూర్పులో రాబట్టటానికి ప్రయత్నించండి. కాగితం, పెన్సిలు చాలు. ఎందుకు రాదో పిల్లలే మీకు చెబుతారు.