గాలివాన నిలువెత్తు రూపం: స్నాతకోత్సవ ప్రసంగం

డాప్లర్ రాడార్ మేఘాన్ని ఒక్కసారిగా చూడదు. యాంటెన్నా ఒక కోణంలో చుట్టూ తిరిగి, కాస్త తల ఎత్తి మళ్లీ తిరుగుతుంది. కొలిచినదంతా ఒకదానిలో ఒకటి దోపిన గరాట్లలా ఆకాశంలో పరుచుకుంటుంది. టీవీలో కనిపించే రంగుల పటం దాన్ని నేలమీదికి అణచి గీసినది. వాన ఎక్కడుందో అందులో తెలుస్తుంది, మేఘం ఎంత ఎత్తుకు లేచిందో తెలియదు. వడగళ్ల జాడ ఎక్కువగా ఆ ఎత్తులోనే ఉంటుంది.

ఎత్తును తెరమీద నిలబెట్టే మార్గాల్లో ఒకటి వైద్యరంగం నుంచి వచ్చింది. 1987లో జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన విలియం లోరెన్సన్, హార్వే క్లైన్ స్కానింగ్ చిత్రాల నుంచి ఎముకల ఆకారం తీసే ‘మార్చింగ్ క్యూబ్స్’ పద్ధతిని ప్రకటించారు. ఇందులో స్థలాన్ని చిన్న ఘనాలుగా కోస్తారు. ఘనానికి 8 మూలలు. ఒక్కో మూలలోని విలువ ఎంచుకున్న హద్దుకు పైనో కిందో ఉంటుంది. అంటే 256 అమరికలు. తిప్పినా, తారుమారు చేసినా ఒకటే అయ్యేవాటిని కలిపేస్తే మిగిలేవి 15. ఒక్కోదానికి త్రిభుజాలు ముందే సిద్ధం. పుర్రెను గీసిన లెక్కే తుపాను గోడనూ గీస్తుంది. ఎంత అందమైన పొదుపు!

1980ల చివర్లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బిల్ హిబ్బార్డ్ బృందం తయారుచేసిన విస్‌5డి అనే సాఫ్ట్‌వేర్ వాతావరణ లెక్కలను ఇలా కదిలే ఆకారాలుగా చూపింది. 1997లో జపాన్, అమెరికా కలిసి పంపిన ట్రిమ్ ఉపగ్రహం అంతరిక్షం నుంచే వానను పొరలుపొరలుగా కొలిచింది. 1998 నాటి బోనీ హరికేన్‌లో 18 కిలోమీటర్ల దాకా లేచిన మేఘస్తంభం అలాగే కంటబడింది. తుపాను కన్ను చుట్టూ ఉండే మేఘాల గోడలో అలాంటి స్తంభం ఉంటే ఆరు గంటల్లో తుపాను బలపడే అవకాశం రెండింతలని 2004లో నాసా పరిశోధకులు చెప్పారు.

పట్టా అందుకుని ఈ పనిలోకి వెళ్లే యువత మెలకువగా ఉండాల్సిన చోటు ఒకటుంది. 500 కిలోమీటర్ల వెడల్పు, 15 కిలోమీటర్ల ఎత్తు గల తుపాను అసలు కొలతల్లో అడుగు వెడల్పు ఊతప్పమంత పలచన. తెరమీద కోటలా కనిపిస్తే నిలువును సాగదీశారని అర్థం. ఎన్ని రెట్లో బొమ్మ మీదే రాయాలి. హద్దు విలువ కాస్త మార్చితే ఒకే మేఘం రెండుగా చీలుతుంది. గరాట్ల మధ్య ఖాళీని నింపింది రాడార్ కాదు, లెక్క. రాడార్‌కు దూరమయ్యేకొద్దీ ఆ ఖాళీ పెరుగుతుంది. పైగా కింది గరాటు నుంచి పై గరాటుకు చేరేసరికి నిమిషాలు గడుస్తాయి. తెరమీది స్తంభం అడుగూ, కొనా ఒకే క్షణానివి కావు.