అడిగినది విశ్వవిద్యాలయము, దొరికినది పనిముట్ల బడి

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

కెనడా చదువులను గురించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యదర్శిగారు కోరినారు. మేము మెట్రిక్ వరకు చదువుకొని రైల్వేలో గుమాస్తాపని చేసుకొంటున్నవారము. కెనడా దేశము చూచినవారము కాము. అయినా ఈ ఖుర్దా రోడ్డు తెలుగువారి ఇండ్లలో ఈనాడు కెనడా మాట తరచుగానే వినబడుతున్నది. పిల్లవాణ్ణి పంపాలంటే ఊళ్లో ఉన్న కాస్త పొలము తాకట్టు పెట్టాలి, లేదా బ్యాంకులో అప్పు తీయాలి. అంత పణమొడ్డి పంపే చోటు ఎటువంటిదో ముందుగా తెలుసుకోవడము మంచిది కదా! కనుక అక్కడి సంస్థ నొకదానిని తీసుకొని, చదివి తెలుసుకొన్న సంగతులు మీకు మనవి చేస్తాము. అది ఆల్బర్టా రాష్ట్రములో కాల్గరీ నగరమందున్న సదరన్ ఆల్బర్టా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. అక్కడివారు పొట్టిగా ‘సెయిట్’ అంటారు.

దీని పుట్టుక విచిత్రమైనది. ఆల్బర్టాకు 1908లో విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు అది ఎడ్మంటన్ నగరానికి దక్కినది. మాకూ ఒకటి కావాలని కాల్గరీవారు పట్టుబట్టినారు. విచారణ జరిపిన సంఘము, ఆ ఊరికి విశ్వవిద్యాలయము వద్దు, సాంకేతిక విద్య, కళలు నేర్పే సంస్థ చాలునని సలహా ఇచ్చినది. ఆ విధముగా 1916లో ‘ప్రొవిన్షియల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ ఆర్ట్’ పేరుతో ఈ విద్యాలయము వెలసినది. ఇప్పటి పేరు 1960లో వచ్చినది.

కాల్గరీ కూడా మన ఊరివలె రైలు పెంచిన ఊరే. కెనడియన్ పసిఫిక్ రైల్వేవారు అక్కడ ఆగ్డెన్ కార్ఖానాను 1913లో తెరిచినారు. చుట్టూ గోధుమ పొలాలు, పశువుల మందలు. కనుక తొలినాళ్ల పాఠాలు మోటారు యంత్రాలు, సేద్యపు యంత్రాలు, కమ్మరము, ఆవిరి యంత్రాలను గురించి సాగినవి. మొదటి ప్రపంచ యుద్ధమునుంచి తిరిగివచ్చిన సైనికులు అనేకులు ఇక్కడ కొత్త వృత్తి నేర్చుకొని బ్రదుకు తెరువు చూచుకొన్నారు. రెండవ యుద్ధములో 1940లో వైమానిక దళమువారు ఈ ఆవరణను తీసుకొని వైర్లెస్ శిక్షణ కేంద్రము నడిపినారు. విద్యాలయము మూతపడలేదు. వేరే చోట సర్దుకొని పాఠాలు సాగించినది.

అన్నిటికంటె ముచ్చటయైన సంగతి ఇంకొకటి ఉన్నది. 1922లో కట్టిన జంట బురుజుల ఎర్ర ఇటుకల భవనము ఈనాటికీ అక్కడ నిలిచి ఉన్నది. అందులో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల కూడా నడిచేది. అదే 1945లో ఆల్బర్టా విశ్వవిద్యాలయపు శాఖయై, 1960లో సొంత ఆవరణకు తరలి, 1966లో స్వతంత్రమైన కాల్గరీ విశ్వవిద్యాలయమైనది. ఈ విద్యాలయపు కళాశాఖ కూడా 1985లో విడిపోయి వేరు సంస్థ అయినది. చూచినారా! ఏ విశ్వవిద్యాలయమునకు బదులుగా ఈ పనిముట్ల బడి నిచ్చినారో, ఆ విశ్వవిద్యాలయమే ఈ ఇంటిలో తలదాచుకొని పెరిగి పెద్దదైనది.

ఇక చదువుల సంగతి. ఒక ఏడాది సర్టిఫికెట్లు, రెండేళ్ల డిప్లొమాలు, కొన్ని డిగ్రీలు ఉన్నవి. విమానాల మరమ్మత్తు నేర్చేవారికి కాల్గరీ విమానాశ్రయములోనే శిక్షణ కేంద్రము ఉన్నది. అక్కడ నిజమైన విమానాల మీదనే పని నేర్చుకొంటారు. వంట నేర్చే విద్యార్థులు ‘హైవుడ్’ అనే భోజనశాలలో వండి వడ్డిస్తారు. ఊరివారు డబ్బిచ్చి తింటారు. ఉప్పు ఎక్కువైతే మార్కులు పోవడమే కాదు, అతిథి ముఖమూ చూడాలి! ఆటల జట్లకు ‘ట్రోజన్లు’ అని పేరు. విద్యార్థుల పత్రికకు ‘ఎమెరీ వీల్’ అని పేరు పెట్టుకొన్నారు. సానపట్టే చక్రమునకు అక్కడివారి మాట అది. చివరి అక్షరాలు కాస్త మార్చి, శ్రేయస్సు అనే అర్థము కూడా వచ్చేటట్లు చేసినారు. పనివారి చమత్కారము!

ఎలక్ట్రీషియను, వెల్డరు వంటి వృత్తుల పద్ధతి వేరు. ముందు యజమాని వద్ద పనికి కుదరాలి. జీతము తీసుకొంటూ పని నేర్చుకొంటూ, ఏటా కొన్ని వారాలు విద్యాలయమునకు వచ్చి పాఠాలు చదవాలి. ఎలక్ట్రీషియనుకు ఇట్లా నాలుగేళ్లు పడుతుంది. ‘రెడ్ సీల్’ ఏర్పాటు ప్రకారము పరీక్ష నెగ్గినవాని యోగ్యతను కెనడాలోని ఇతర రాష్ట్రాలూ గుర్తిస్తవి. రాష్ట్రము దాటి బ్రదికే మనకు దీని విలువ వేరే చెప్పనక్కర లేదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే నాళ్లలో శ్రీకాకుళము, విశాఖ ప్రాంతాలనుంచి ఇక్కడికి వచ్చిన మన తాతలు లోకో షెడ్డులో ఖలాసీలై, ఫిట్టర్లై, ఫైర్‌మన్లై కుటుంబాలను నిలబెట్టినారు. తరువాతి తరము మేజా, కుర్చీ ఉంటే చాలుననుకొన్నది. మేమూ ఆ కుర్చీలో కూర్చున్నవారమే, దానిని నిందించము. కాని చేతికి మసి అంటే చదువును తక్కువ చదువు అనడము మాత్రము న్యాయము కాదు. ఇక్కడ ఐ.టి.ఐ. అంటే పెదవి విరిచే ఇంటివారే అక్కడి డిప్లొమాకు లక్షలు అప్పు చేయడము మరీ విడ్డూరము.

కనుక పంపదలచినవారు మూడు సంగతులు విచారించాలి. ఆ సంస్థ ప్రభుత్వపుదా, ప్రైవేటుదా? పిల్లవానికి ఆ పని మీద నిజముగా ఇష్టమున్నదా? ఇప్పటి నిబంధనలేమిటి? కెనడా ప్రభుత్వము 2024లో విదేశీ విద్యార్థుల అనుమతులకు పరిమితి పెట్టినది. డిప్లొమా వంటి చదువుల తరువాత పని అనుమతి కావాలంటే, ఆ చదువు తాము గుర్తించిన రంగములలో ఉండాలని అదే ఏడాది నవంబరునుంచి నియమము చేసినది. ఏజెంటు చెప్పిన మాట మీద కాక, ఆ ప్రభుత్వమువారి ప్రకటన చదివిన మీదటనే సంతకము పెట్టండి.

పోదలచిన పిల్లలు పని నేర్వడానికి పోవాలి. పోలేని పిల్లలకు ఆ పని ఇక్కడా ఉన్నది. ఇద్దరినీ మన సంఘము సమానముగా గౌరవిస్తే ఈ పండుగ సభకు సార్థకత.