కోత చిన్నదా పెద్దదా, ముందు అడుగుదాం



2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, ఆపరేషన్ బిల్లు చూసుకున్నా, నాట్ల నెలంతా మంచం మీదుంటే మనం వాయిదా ఎలా కడతాం? గాల్‌బ్లాడర్ రాళ్లకు పొట్ట కోసి చేస్తే కోలుకోడానికి నెల పైనే పడుతుంది. లాప్రోస్కోపీలో మూడు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, గ్యాసు నింపి, కెమెరాలో చూస్తూ తీస్తారు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికొచ్చి, రెండు వారాల్లో తేలిక పనులు చేసుకోవచ్చు.

లోపల అతుకులున్నా, రక్తం ఆగకపోయినా మధ్యలో పొట్ట కోయాల్సి రావచ్చు. అది ప్రాణం కాపాడ్డానికే. కోత చిన్నదే కదా అని అవసరం లేకుండా గర్భసంచి తీయించుకోవద్దు.

ఆపరేషన్ తప్పదా? ఏ పద్ధతిలో చేస్తారు? ఎన్నాళ్లు బరువెత్తకూడదు? ఈ మూడూ అడిగాకే సంతకం పెడదాం.