శిఖరారోహణం – శిశుసేవ

(మార్గశిర మాసోత్సవాల సందర్భంగా విశాఖపట్నం వన్ టౌన్‌లో భక్తుల, దాతల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మార్గశిర మాసంలో లక్ష్మివారం వచ్చిందంటే బురుజుపేట వీధులు తెల్లవారక ముందే నిండిపోతాయి. శ్రీ కనకమహాలక్ష్మి అమ్మవారి సన్నిధికి ఒక విశేషం ఉన్నది. అమ్మవారి తలపై కప్పు లేదు, భక్తునికీ అమ్మవారికీ నడుమ అడ్డు లేదు. ఎవరి చేతులతో వారే పసుపు, కుంకుమలు సమర్పించి పూజించుకొంటారు. ఈ విశేషాన్ని మనసులో ఉంచుకొనవలసిందిగా మనవి. ఈనాటి విషయంతో దీనికి సంబంధమున్నది.

నిర్వాహకులు నాకు అప్పగించిన విషయం ఎత్తైన పర్వతాలను అధిరోహించి, ఆ ఆరోహణ పేరిట బాలల సేవకు ధనం సేకరించడం. ఇది విదేశాలలో చాలాకాలంగా ఉన్నది. ఇప్పుడు మన తెలుగువారిలోనూ కనబడుతున్నది. కొండ ఎక్కేది ఒకరు, ధనమిచ్చేది వేరొకరు, ఫలం అందుకొనేది ఇంకొకరు. ఈ ముగ్గురినీ కలిపే సూత్రమేది? ఎవరి ధర్మమేమిటి? ఈ రెండు ప్రశ్నలకే నా మాటలను పరిమితం చేస్తాను.

కొండ ఎక్కడం మనకు కొత్త కాదు. ఈ వన్ టౌన్‌లోనే ఓడరేవును చూస్తూ మూడు కొండలున్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత చర్చి. ఏ మతం వారైనా ఇక్కడ భగవంతుని దగ్గరకు మెట్లెక్కే వెళ్ళాలి. అలిపిరి నుండి తిరుమలకు 3,550 మెట్లు. మెట్టు మెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టి ఎక్కే తల్లులను మనమందరం చూశాము. బిడ్డకు జబ్బు నయమైతే నడిచి వస్తానని మొక్కుకొన్న తండ్రి, నయమయ్యాక మోకాళ్ళ నొప్పిని లెక్కచేయక ఎక్కుతాడు. బిడ్డ కోసం కొండ ఎక్కడమన్న భావం మన రక్తంలోనే ఉన్నది. ఆ బిడ్డ మన బిడ్డే కానవసరం లేదన్నది మాత్రమే ఇక్కడ కొత్తగా చేరిన మాట.

ఆషాఢ పూర్ణిమకు సింహాచలం గిరిప్రదక్షిణ జరుగుతుంది. తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి, సుమారు 32 కిలోమీటర్లు కొండ చుట్టూ నడుస్తారు. నడవలేని వృద్ధులు, గృహస్థులు దారి పొడవునా నిలబడి నడిచేవారికి మంచినీళ్ళు, మజ్జిగ, ప్రసాదం అందిస్తారు. నడిచినవాని పుణ్యంలో తమకూ భాగముంటుందని వారి నమ్మకం. అక్కడ నడవలేనివారు నడిచేవారికి సేవ చేస్తున్నారు. నేడు మనం మాట్లాడుకొంటున్న ఆరోహణలో నడవగలిగినవారు, ఇంకా నడక మొదలుపెట్టని పసివారికి సేవ చేస్తున్నారు. సూత్రం ఒక్కటే; దిశ మారింది.

ఇక మన కాలంలో జరిగిన ఉదాహరణ చెబుతాను. నిజామాబాద్ జిల్లా పాకాల అనే చిన్న గ్రామంలో వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివింది. భువనగిరి కొండరాళ్ళ మీద తొలి శిక్షణ, ఆపై డార్జిలింగ్‌లో, లడఖ్‌లో సాధన. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండక ముందే ఎవరెస్ట్ శిఖరాన్ని చేరింది. ఆమెతోపాటు ఖమ్మం జిల్లాకు చెందిన మరో గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. ఉమ్మడి రాష్ట్రం విడిపోవడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, తెలుగువారంతా కలిసి సంతోషించిన ఘట్టమది. 2022 నాటికి ఆమె ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలనూ పూర్తి చేసింది.

ఇంత పేరు వచ్చిన తరువాత ఆమె చేసిన ఒక పని మన విషయానికి ముఖ్యమైనది. నాసా శాస్త్రవేత్తగా పేరొందిన తెలుగు మహిళ కావ్య మన్యపుతో కలిసి, లడఖ్‌లో 6,012 మీటర్ల ఎత్తున్న ఒక శిఖరాన్ని ఎక్కింది. ‘ప్రాజెక్ట్ శక్తి’ అని దానికి పేరు. పేద బాలికల చదువుకు నిధులు సేకరించడం దాని లక్ష్యం. ఎవరెస్ట్‌తో పోలిస్తే అది చిన్న కొండే. అయినా ఒక సంక్షేమ పాఠశాలలో, ప్రజల ధనంతో చదువుకొన్న బిడ్డ, తాను ఎక్కిన మెట్టు దగ్గర ఆగిపోక, వెనుక వచ్చే పిల్లలకు చేయి అందించింది. ఋణం తీర్చుకోవడమంటే ఇదేనని నా భావన.

ప్రపంచంలోనూ ఇటువంటి పూర్వోదాహరణ ఉన్నది. 1953 మే 29న టెన్జింగ్ నార్గేతో కలిసి ఎవరెస్ట్‌ను తొలిసారి అధిరోహించిన ఎడ్మండ్ హిల్లరీ, ఆ కీర్తితో తృప్తి చెందలేదు. తమ కోసం బరువులు మోసిన షెర్పాలకు ఏమి కావాలని విచారిస్తే, వారు తమ పిల్లలకు బడి కావాలన్నారు. ఆయన 1960లో హిమాలయన్ ట్రస్టును స్థాపించాడు. మరుసటి ఏడాది ఖుమ్‌జుంగ్ గ్రామంలో పాఠశాల తెరచుకొన్నది. కొండ ఎక్కి దిగిన తరువాత పర్వతారోహకుడు ఏమి చేశాడన్నదే లోకం ఎక్కువకాలం గుర్తుంచుకొంటుందని ఆయన జీవితం చెబుతున్నది.

ఇక్కడ ఒక కఠినమైన సత్యాన్ని కూడా చెప్పక తప్పదు. పూర్ణ శిఖరం చేరిన ఆ 2014వ సంవత్సరంలోనే, ఏప్రిల్ 18న, ఎవరెస్ట్‌కు నేపాల్ వైపు దారిలో మంచుచరియ విరిగిపడి పదహారుమంది నేపాలీ సహాయకులు మరణించారు. పూర్ణ బృందం టిబెట్ వైపు నుండి ఎక్కింది. ఆ మరణించినవారు ఇతరుల బరువులు మోస్తూ, దారులు సిద్ధం చేస్తూ ప్రాణాలు విడిచారు. వారి ఇళ్ళలోనూ పిల్లలున్నారు. మరుసటి ఏడాది మన నెల్లూరు జిల్లా బిడ్డ, మన విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన మల్లి మస్తాన్‌బాబు, ఆండీస్ పర్వతాలలో అసువులు బాశాడు. 2006లో 172 రోజులలో ఏడు ఖండాల శిఖరాలను ఎక్కిన మహావీరుడాయన. అంతటి నిపుణుణ్ణీ కొండ విడిచిపెట్టలేదు.

కనుక కొందరు పిల్లల చదువు కోసం ఎక్కే కొండ, మరికొందరు పిల్లలను తండ్రిలేనివారిగా చేయకూడదు. దాతలు ఈ ప్రశ్న తప్పక అడగాలి. బరువు మోసేవారికి న్యాయమైన కూలి, బీమా ఉన్నాయా? ఎక్కేవారికి తగిన శిక్షణ ఉన్నదా? వెనుదిరగవలసి వస్తే వెనుదిరిగే స్వేచ్ఛ వారికి ఉన్నదా? ‘ఇంత ధనం పోగైంది, శిఖరం చేరకుండా ఎలా తిరిగిరావడం’ అన్న మొగమాటం ప్రాణాంతకం. శిఖరం చేరినా చేరకపోయినా మన విరాళం పిల్లలకు చెందుతుందని దాతలు ముందే చెప్పాలి. ఆ ఒక్క మాట ఆరోహకుని ప్రాణానికి రక్ష.

ఇక ముగ్గురి ధర్మాలనూ విడివిడిగా చూద్దాం.

ఎక్కేవారి ధర్మం మొదటిది. ప్రయాణానికి, పరికరాలకు, అనుమతులకు అయ్యే ఖర్చు వేరు. పిల్లల కోసం పోగైన ధనం వేరు. రెండూ ఒకే సంచిలో కలవరాదు. తన మొక్కుకు తాను నడిచినట్లే, తన కొండకు తానే ఖర్చు పెట్టుకోవాలి. లేదా ఆ ఖర్చుకని స్పష్టంగా చెప్పి వేరుగా అడగాలి. హుండీలో వేసిన కానుకతో బస్సు టికెట్టు కొనుక్కొనే భక్తుడు ఉండడు కదా!

దాతల ధర్మం రెండవది. దేశం, కాలం, పాత్రత ఎరిగి, ప్రతిఫలం కోరక ఇచ్చేదే సాత్త్వికదానమని భగవద్గీత పదిహేడవ అధ్యాయంలో చెప్పబడింది. పాత్రత ఎరగడమంటే విచారించడమే. ఆ సంస్థ నమోదైనదేనా? రసీదు ఇస్తున్నదా? ఆదాయపు పన్ను చట్టం క్రింద గుర్తింపు ఉన్నదా? ఏటేటా లెక్కలు ప్రకటిస్తున్నదా? వీటిని అడగడం అనుమానం క్రిందికి రాదు. అమ్మవారి దగ్గర నడుమ అడ్డు లేకుండా స్వహస్తాలతో పూజించే మనం, దానం విషయంలో మాత్రం కళ్ళు మూసుకొని ఎవరి చేతిలోనో పెట్టి రావడం ఎందుకు? మన చేయి, పసివాని చేయి – ఈ రెంటి నడుమ దారి స్పష్టంగా కనబడాలి.

దాతలు కొండల నుండి నేర్చుకోవలసిన పాఠం మరొకటి ఉన్నది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలుచనవుతుంది. సుమారు 5,500 మీటర్ల వద్ద మనం ఇక్కడ సముద్రతీరాన పీల్చే ప్రాణవాయువులో సగమే అందుతుంది. ఎవరెస్ట్ శిఖరంపై మూడవ వంతే. అందుకని ఎవరూ ఒకే ఊపున పైకి పోరు. పగలు కొంత ఎక్కి, రాత్రికి దిగి నిద్రించి, శరీరాన్ని అలవాటు చేసుకొంటూ రోజుకు కొంచెం కొంచెంగా పోతారు. తొందరపడినవాడు జబ్బుపడి దిగిపోతాడు. పిల్లల చదువూ అంతే. ఒకటవ తరగతి నుండి పదవ తరగతి వరకు పదేళ్ళ దారి. ఉత్సవం రోజున ఉద్వేగంతో పెద్ద మొత్తమిచ్చి మరచిపోవడం కన్నా, నెలనెలా చిన్న మొత్తమే అయినా ఆ పదేళ్ళూ తప్పక ఇవ్వడం బిడ్డకు ఎక్కువ మేలు చేస్తుంది. మూడేళ్ళు ఫీజు కట్టి నాలుగో ఏట మానేస్తే, సగం కొండపై తాడు వదిలేసినట్లే.

సంస్థల ధర్మం మూడవది. తిరుమల తిరుపతి దేవస్థానాలు అనాథ, నిరుపేద బాలల కోసం 1943లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర బాలమందిరాన్ని నెలకొల్పాయి. భక్తుడు కొండ ఎక్కి సమర్పించినది, కొండ దిగువన బిడ్డల అన్నంగా, పుస్తకాలుగా మారడానికి అది చక్కని నిదర్శనం. మన విశాఖలోనూ దాబాగార్డెన్స్‌లోని ప్రేమసమాజం దిక్కులేని పిల్లలకు, వృద్ధులకు దశాబ్దాలుగా నీడనిస్తున్నది. సంస్థ చేయవలసినది ఒక్కటే: వచ్చిన ప్రతి రూపాయి ఏ బిడ్డకు ఏ విధంగా చేరిందో దాతకు తెలియజేయడం, అదే సమయంలో ఆ బిడ్డ ముఖాన్ని ప్రచారపత్రంగా మార్చకుండా మర్యాదను కాపాడడం. దానం పుచ్చుకొన్నందుకు పసివాడు తలవంచుకొనే పరిస్థితి రాకూడదు.

ఆఖరుగా మన వన్ టౌన్ మాట. 1933లో ఓడరేవు తెరచుకొన్న నాటి నుండి ఎందరో బరువులు మోసి ఈ నగరాన్ని నిలబెట్టారు. రేవు కూలీల, మత్స్యకారుల, ఇళ్ళలో పనిచేసే తల్లుల పిల్లలు ఈ సందుల్లోనే పెరుగుతున్నారు. వారిలో పై చదువుల మెట్టు దగ్గర ఆగిపోతున్నవారిని వెదకడానికి హిమాలయాలకు పోనవసరం లేదు. హిమాలయానికి పోగలవారు పోయి రావాలి, వారిని ఆశీర్వదిద్దాం. పోలేని మనం వచ్చే ఆషాఢంలో సింహగిరి చుట్టూ నడిచేటప్పుడు ఒక సంకల్పం చేసుకొందాం. నడిచిన ఒక్కొక్క కిలోమీటరుకు మనకు చేతనైనంత – పది రూపాయలు కావచ్చు, వంద కావచ్చు – ఒక బిడ్డ చదువుకు లెక్కగట్టి పక్కన పెడదాం. నడవలేనివారు నడిచేవారి పేరిట ఇవ్వవచ్చు. ముప్పై రెండు కిలోమీటర్లకు కిలోమీటరుకు పది చొప్పున 320 రూపాయలు. ఒక పసివాని ఏడాది నోటుపుస్తకాలకు అది చిన్న సాయం కాదు.

ఆ సంకల్పం మన కాళ్ళకు బలాన్నీ, మన చేతులకు ఉదారతనూ, ఈ ఊరి బిడ్డలందరికీ విద్యనూ ప్రసాదించాలని శ్రీ కనకమహాలక్ష్మి అమ్మవారిని, సింహాద్రి అప్పన్నను ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాను.

స్వస్తి.