ఇంజనీరింగ్ చేస్తూ ప్రీమెడ్: ఏ కోర్సు ఎప్పుడు?

ఈ వీడియో అమెరికాలో కాలేజీలో చేరుతున్న మన తెలుగు పిల్లల కోసం. "ఇంజనీరింగ్ చదివి డాక్టర్ అవ్వొచ్చా అన్నా?" అని అడుగుతున్నారు. అవ్వొచ్చు. మన దగ్గర ఇంటర్‌లోనే ఎంపీసీ, బైపీసీ అని దారులు విడిపోతాయి. నేను ఎంపీసీ, తర్వాత బీటెక్, బయాలజీ టెన్త్‌తోనే సరి. అక్కడ అలా కాదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ, తర్వాత నాలుగేళ్ల మెడికల్ స్కూల్. ప్రీమెడ్ అంటే మేజర్ కాదు, కొన్ని కోర్సుల లిస్టు, అంతే.

ఫిజిక్స్, మ్యాథ్స్, జనరల్ కెమిస్ట్రీ ఇంజనీరింగ్‌లో ఎలాగూ చాలావరకు చదువుతారు. మిగిలేవి ల్యాబ్‌తో ఏడాది బయాలజీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, కొంచెం సైకాలజీ, సోషియాలజీ. బయోమెడికల్, కెమికల్ వాళ్లకి వీటిలో కొన్ని మేజర్‌లోనే వచ్చేస్తాయి. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి దాదాపు అన్నీ ఎక్స్‌ట్రానే.

ప్లాన్ మాత్రం వెనక నుంచి వేయండి. డిగ్రీ అయిన వెంటనే మెడికల్ స్కూల్‌కి వెళ్లాలంటే మూడో ఏడాది చివర్లోనే, మే-జూన్‌లో, అప్లై చేయాలి. అంటే ఆలోపు ఎమ్‌క్యాట్ రాయాలి. దాదాపు ఏడున్నర గంటల పరీక్ష అది! దానికి ముందు బయోకెమిస్ట్రీ, దానికి ముందు ఆర్గానిక్, దానికి ముందు జనరల్ కెమిస్ట్రీ. ఇదొక గొలుసు. ఒక్కటి జారితే ఏడాది జరుగుతుంది. అందుకే కెమిస్ట్రీ మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి. ఆర్గానిక్ ఉన్న సెమిస్టర్‌లో థర్మోడైనమిక్స్ లాంటి బరువైన పేపర్ పెట్టుకోకండి. ఒక ఏడాది గ్యాప్ తీసుకున్నా తప్పేం లేదు, ఇప్పుడు సగం కంటే ఎక్కువమంది అలాగే చేరుతున్నారు.

"ఇంజనీరింగ్ కష్టం కదా, జీపీఏ తగ్గినా అర్థం చేసుకుంటార్లే" అనుకుంటారు. ఆ నమ్మకంతో కూర్చోవద్దు. సీటు వచ్చినవాళ్ల సగటు 3.8 దగ్గర ఉంటుంది. అప్లికేషన్‌లో సైన్స్ జీపీఏ విడిగా లెక్కేస్తారు, బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్‌తో. ఇంజనీరింగ్ పేపర్లు మామూలుగా అందులోకి రావు. మొత్తం జీపీఏలో మాత్రం పడతాయి. అంటే అక్కడ ఏ గ్రేడ్ తెచ్చుకున్నా సైన్స్ జీపీఏ పెరగదు, సీ వస్తే మొత్తం జీపీఏ పడిపోతుంది.

ఇంకోటి, మన ఇళ్లల్లో గట్టిగా మాట్లాడుకోని విషయం. అమ్మానాన్నల హెచ్1బీ మీద హెచ్4లో ఉన్నవాళ్లు 21 ఏళ్లు నిండితే ఆ స్టేటస్ పోతుంది, ఎక్కువమంది ఎఫ్1కి మారతారు. చాలా మెడికల్ స్కూళ్లు సిటిజన్‌షిప్పో గ్రీన్ కార్డో లేనివాళ్లని తీసుకోవు. ఇలాంటివాళ్లకి ఇంజనీరింగ్ మేజరే మంచిదని నా అభిప్రాయం. ఎఫ్1 మీద స్టెమ్ డిగ్రీ పూర్తిచేస్తే ఓపీటీ మొత్తం మూడేళ్ల దాకా దొరుకుతుంది, చేతిలో ఉద్యోగం ఉంటుంది. ఏ స్కూళ్లు తీసుకుంటాయో మొదటి ఏడాదే చూసుకోండి, ఎమ్‌క్యాట్ అయ్యాక కాదు.

ఇంజనీరింగ్ అడ్వైజర్, ప్రీమెడ్ అడ్వైజర్ వేరువేరుగా ఉంటారు, ఒకరి లిస్టు ఇంకొకరు చూడకపోవచ్చు. ఎనిమిది సెమిస్టర్లకి ఎనిమిది కాలమ్స్‌తో ఒక షీట్ చేసి ఇద్దరికీ చూపించండి.