కారు రేడియేటరు – దాని ధర్మము, ఆయుర్దాయము



డిగ్నాబాదు నుండి తెల్లవారకమున్నే బయలుదేరి అండమాన్ ట్రంకు రోడ్డుమీద ఉత్తరముగా పోవు కుటుంబమునకు జిర్కటాంగు తనిఖీ కేంద్రము తగులును. అచ్చటినుండి మిడిల్ స్ట్రెయిట్ రేవు వరకు దారి జరవాల రిజర్వులో నుండి పోవును. వాహనములన్నియు వరుసగట్టి రక్షకభటుల వెంట నడువవలెను. నడుమ ఎచ్చటను ఆగరాదు. 1956 నాటి ఆదిమజాతుల రక్షణ రెగ్యులేషను ఆ ప్రజలకు అండగా నున్నది. అట్టి దారిలో కారు ముందుభాగమునుండి ఆవిరి లేచినచో, వెనుక వచ్చు బండ్లన్నియు నిలిచిపోవును; ఆ అడవిలోని వారి ప్రశాంతికిని భంగము కలుగును. కావున రేడియేటరు సంగతి ఇంటి యజమానియు, ఇల్లాలును గూడ ఎరిగి యుండదగినది.

ఇంజనులో కాలిన ఇంధనపు శక్తి అంతయు చక్రములకు చేరదు. ఇంచుమించు మూడవవంతు ఇంజను గోడలకు వేడియై పట్టును. దానిని తీసివేయకున్న పిస్టన్లు బిగిసిపోవును. 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ మూడు చక్రముల బండిలో నీరు మరిగి ఆవిరియై పోవుటయే చల్లార్చు పద్ధతి. మాటిమాటికి నీరు పోయవలసి యుండెడిది. 1900 చివర తయారైన మెర్సిడెస్ కారునకు విల్‌హెల్మ్ మైబాఖ్ 8070 చిన్న గొట్టములతో తేనెపట్టు వంటి రేడియేటరును కూర్చెను. నాటినుండి కొద్దిపాటి నీరే తిరిగి తిరిగి పనిచేయసాగెను.

ఇందలి రహస్యము వంటయింట అందరును ఎరిగినదే. వేడి పాలు చెంబులోకంటె వెడల్పు పళ్ళెములో త్వరగా ఆరును. ఇంజను వేడిని గైకొన్న ద్రవమును పంపు త్రోయగా, అది సన్నని గొట్టములలో పలుచగా పారును. గొట్టములను అంటియున్న రేకులకు గాలి సోకి వేడి తొలగును. బండి నిలిచియున్నప్పుడు ఫ్యాను ఆ గాలిని కల్పించును. మూత ప్రెషరు కుక్కరు వలె ఒత్తిడిని నిలుపుటచే ద్రవము నూరు డిగ్రీలు దాటినను మరుగదు. అందుచేతనే వేడిగా నున్నప్పుడు మూత విప్పరాదు. విప్పినచో మరుగునీరు ఒక్కసారిగా ముఖముమీదికి చిమ్మును. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా నుండు విషము, పిల్లలకు అందనీయరాదు.

ద్వీపములలో సముద్రపు ఉప్పుగాలి అల్యూమినియపు రేకులను తెల్లని పొడిగా రాల్చును. నూతినీరు పోసినచో, నీళ్ళకాగులో సున్నము పేరుకొన్నట్లు గొట్టములు పూడిపోవును. కావున స్వేదనజలమునే కూలెంటుతో కలిపి పోయవలెను. ఇంజను చల్లారిన పిమ్మట రేకులను మంచినీటితో మెల్లగా కడుగుచుండవలెను.

మార్పు ఎప్పుడు అవసరము? వేడిముల్లు పైకి లేచినంతనే రేడియేటరును నిందింపరాదు. బండి నిలిచినప్పుడు వేడెక్కి, నడిచినప్పుడు చల్లబడినచో ముందు ఫ్యానును చూడవలెను. వేగముగా పోవునప్పుడు వేడెక్కినచో గొట్టములు పూడినవేమోయని అనుమానింపవలెను. రబ్బరు గొట్టములు, మూత, థెర్మోస్టాటు ముందుగా పరీక్షింపదగినవి. ఇవి స్వల్పవ్యయముతో మారును. అయితే రేకులు చేతికి రాలుచున్నను, గొట్టములనుండి ద్రవము ఊరుచున్నను, ప్లాస్టిక్కు తొట్టి చీలినను, శుభ్రపరచినను వేడి తగ్గకున్నను క్రొత్తది వేయుటయే మేలు. పూర్వపు రాగి, ఇత్తడి రేడియేటర్లకు మాటు వేసి నడిపెడివారు. నేటి అల్యూమినియపు వానికి అట్టి మాటు నిలుచుట అరుదు. పగుళ్ళు పూడ్చు పొడులు సన్నని గొట్టములనే మూసివేయవచ్చును.

2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయిరునకు బరువు సరకు చెన్నై, కలకత్తా, విశాఖపట్టణముల నుండి ఓడలమీద రావలెను. అంగడిలో లేని భాగమునకై వేచియుండుట తప్పదు. ప్రయాణపు ముందుదినము ఇంజను చల్లగా నున్నప్పుడు ద్రవపు మట్టము చూచి, బండి క్రింద నేలపై తడి యున్నదేమో పరికించుటకు ఐదు నిమిషములు చాలును. ఆ ఐదు నిమిషములను వెచ్చింపని వానికి చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే మిగులును. జిర్కటాంగు దాటిన పిమ్మట ఆ ఆకులును దొరకవు.